పొల్లు

గుర్రంకొండకు తూర్పున ఉండే మా అవ్వవాళ్ళ పల్లెలో పొద్దు తొందరగా గూకుతుంది. కోట ఉన్న రాతికొండ అడ్డమొచ్చి దాని నీడ ముందు కయ్యల మీద, తర్వాత కళ్ళం మీద పడుతుంది. నీడ పడ్డాక గాలి లేస్తుంది. అవ్వ ఆ గాలి కోసమే కాచుకుని ఉండేది. చేట నిండా వడ్లు తలపైకెత్తి కొంచెం కొంచెంగా జార్చేది. బరువైన గింజ ఆమె కాళ్ళ దగ్గర కుప్పపడేది. తేలికది నాలుగడుగుల అవతల రాలేది. ఒకనాడు నేను ఆ అవతలి పక్కన నిలబడి ఉంటే, "పొల్లంతా నీ మింద పడతాది, ఇట్ల రా నాయనా" అనింది.

అదే వారం బడిలో అయ్యవారు పొల్లు చెప్పారు. పలక మీద న రాసి, తలకట్టు చెరిపి, అక్కడ పొల్లు గీత పెట్టి, "ఇది న పొల్లు, ముక్కుతో అని ఆపెయ్యండి" అన్నారు. బడిలో విన్న మాట కళ్ళంలో వినబడేసరికి నాకు ఆశ్చర్యం. "పొల్లంటే ఏందవ్వా?" అని అడిగాను. ఆమె పిడికెడు వడ్లు తీసి నా అరచేతిలో పోసి ఊదమంది. ఊదాను. కొన్ని ఎగిరిపోయినాయి. "పోయినాయే, అయ్యి పొల్లు. వాటికి పాలు పట్టలేదు నాయనా, అంతే." మర్నాడు అదే ప్రశ్న అయ్యవారిని అడిగితే, "ప్రాణం లేని అక్షరం" అన్నారు.

పాలు పట్టని గింజ, ప్రాణం లేని అక్షరం. ఒక మాటకు రెండు జవాబులు. ఇన్నేళ్ళలో ఈ రెండింటినీ విడదీయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఈమధ్య మొక్కల శాస్త్రవేత్తలు గింజ గురించి కనుక్కున్నవి చదివాక, ఈ మాటను తెలుగువాళ్ళందరి ముందూ ఒకసారి పెట్టాలనిపించింది.

తెలుగు నిఘంటువుల్లో పొల్లుకు ఈ రెండర్థాలూ ఒకే మాట కింద పక్కపక్కన ఉంటాయి. లోపల ఏమీ లేని గింజ, అచ్చు లేని హల్లు. మూడో అర్థం వీటి వెనకే వస్తుంది: వ్యర్థం, అబద్ధం. "ఆయన మాట పొల్లుపోదు" అంటే అన్నది జరిగి తీరుతుందని. "అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు" అంటే విన్నది విన్నట్టు చెప్పాడని. ఈ రెండో వాడుకలో గింజ ఉందా, అక్షరం ఉందా అని తేల్చడం కష్టం. కళ్ళం ఎరిగినవాడికి గింజ కనబడుతుంది, బడి ఎరిగినవాడికి అక్షరం కనబడుతుంది.

మా పక్క మూడు భాషల సందు. కుప్పం దాటితే ఒక దారి కోలారు వైపు, ఒక దారి కృష్ణగిరి వైపు. ఆ కుప్పంలోనే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. ఈ మాటను వెతకడానికి అంతకంటే తగిన చోటు లేదు. అక్కడి సంతలో కన్నడం మాట్లాడే రైతు డొల్లగా ఉన్నదాన్ని పొళ్ళు అంటాడు. గింజ లేని వడ్లను జొళ్ళు అంటాడు. తమిళంలో పొళ్ అనే ధాతువుకు తొలవడం, డొల్ల చేయడం అని అర్థం. పొళ్ళల్ అంటే రంధ్రం. తమిళ కన్నడాల్లో ళ్ళ ఉన్న చోట తెలుగులో ల్ల రావడం మామూలే: వాళ్ళ కళ్ళు మన కల్లు, వాళ్ళ ముళ్ళు మన ముల్లు. ఆ లెక్కన పొళ్ళు మన పొల్లు. డొల్లగింజ అన్న అర్థానికి ఇంతకంటే తిన్నని దారి అక్కర్లేదు.

అక్షరానికి మాత్రం ఇంకో దారి కూడా ఉంది. తమిళంలో అచ్చు లేని హల్లు నెత్తిన చుక్క పెడతారు. దాన్ని పుళ్ళి అంటారు. తొల్కాప్పియం నాటికే ఆ చుక్క ఉంది. మన పొల్లు ఆ పుళ్ళికి చుట్టమని అనుకోవచ్చు. డొల్లగింజ పొల్లు ఒక ఇంటినుంచి, చుక్క పొల్లు ఇంకో ఇంటినుంచి వచ్చి తెలుగులో ఒకే రూపంలో కలిశాయని అనుకున్నా నాకు ఇబ్బంది లేదు. ఎక్కడినుంచి వచ్చినా తెలుగు చెవికి అవి ఒకటే మాట అయ్యాయి. ఒకటే కావడానికి కారణం కూడా ఉంది. తమిళులు అచ్చును ఉయిర్ అంటారు, హల్లును మెయ్ అంటారు. ప్రాణం, ఒళ్ళు. మన వ్యాకరణాల్లోనూ అచ్చులు ప్రాణములు. ఆ ప్రాణం తగలని హల్లును, లోపల జీవం కట్టని గింజను ఒకే మాటతో పిలవడానికి కళ్ళంలో పనిచేసే మనిషికి వ్యాకరణం చదవాల్సిన పని లేదు.

పాత రాతల్లో, పాత అచ్చు పుస్తకాల్లో పద్యపాదాల చివర న్ కు ఒక ప్రత్యేకమైన రూపం కనబడుతుంది. దాని పేరు నకారపొల్లు. కంప్యూటర్ లిపుల పట్టిక యూనికోడ్‌లో 2021లో దానికి చోటు దొరికింది. అదే విడతలో కన్నడ నకారపొల్లుకూ దొరికింది. రెండు లిపుల పట్టికల్లోనూ దాని పేరు పొల్లు అనే ఉంది. కళ్ళంలో గాలికి పోయే గింజ పేరు ప్రపంచ లిపుల లెక్కల పుస్తకంలోకి ఎక్కిందన్న సంగతి చదివినరోజు నాకు అవ్వ గుర్తొచ్చింది.

అసలు మాట్లాడటం గురించి మనం వాడే మాటల్లో ఎన్ని కళ్ళం నుంచి వచ్చాయో చూడండి. పసలేని ప్రసంగం ఊకదంపుడు. ఎవరినైనా దులిపి వదిలిపెడితే చెరిగేశాడంటాం, తూర్పారబట్టాడంటాం. తూర్పారబట్టడంలోని తూర్పును చాలామంది దిక్కు అనుకుంటారు. నేను ఒప్పుకోను. కన్నడంలో తూరు అంటే గాలికి ఎగరబోయడం. తమిళంలో తూట్రు అంటే గాలికి ఎత్తడమే, నిందించడం కూడా అదే మాట. మన తూర్పెత్తడం ఆ కుటుంబానిది. గాలి ఎటు వీస్తే అటు తిరిగి చేట పట్టుకుంటారు గానీ దిక్కు చూసి పట్టుకోరు కదా. గుర్రంకొండ దగ్గర మా అవ్వ పడమటి గాలికే తూర్పెత్తేది.

ఇక గింజ దగ్గరికి వస్తాను. అక్షరం సంగతి తేలికగా తేలింది. "పాలు పట్టలేదు" అన్న అవ్వ జవాబే నన్ను ఎక్కువ కాలం తిప్పింది.

వరి ఎదుగుదలకు మన రైతులు పెట్టిన పేర్లు వరసగా చెప్పుకుంటే అది ఒక ఆడమనిషి కథలాగా ఉంటుంది. ముందు చిరుపొట్ట. తర్వాత పొట్ట. పొట్ట విచ్చుకుని కంకి బయటికొస్తే ఈనింది అంటాం, ఆవు ఈనినట్టే. పూత మీద సుంకు రాలుతుంది. ఆపైన గింజ పాలు పోసుకుంటుంది. పాలు పోసుకున్నాక తోడుకుంటుంది. కడుపు, కాన్పు, పాలు, పెరుగు. పుంగనూరు పొట్టి ఆవు పాలు చిక్కగా ఉంటాయని, తోడేస్తే పెరుగు గడ్డ కడుతుందని మా పక్క అందరికీ తెలుసు. వరిగింజకూ అదే మాట. పచ్చి కంకిలోంచి ఒక గింజ తెంపి రెండు గోళ్ళ మధ్య నొక్కితే చిక్కటి తెల్లటి బొట్టు పైకి వస్తుంది. నాలుక మీద పెట్టుకుంటే కొంచెం తీపి, కొంచెం పచ్చివాసన. నాలుగు రోజులాగి అదే కంకిలోంచి ఇంకోటి నొక్కితే బొట్టు రాదు, మైనంలాగా ముద్ద వస్తుంది. తీపి తగ్గి ఉంటుంది. ఇంకొన్నాళ్ళకు గోరు దిగదు, తీపి అసలే ఉండదు. ఆ తీపి ఎక్కడికి పోయింది? పిండి అయింది. చక్కెర పిండిగా తోడుకుంది.

జొన్న ఊచబియ్యం తిన్నవాళ్ళకు, చలికాలంలో మదనపల్లె సంతలో అనపకాయలు కొని ఇంట్లో పితికిపప్పు చేసుకునేవాళ్ళకు ఇది నాలుక మీద తెలిసిన సంగతే. లేతగింజ తీపి, ముదురుగింజ చప్పన. శాస్త్రంలోనూ ఇదే మొదటి పాఠం. ఆస్ట్రియా సన్యాసి మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీ ప్రయోగాల్లో నున్నగింజ, ముడతగింజ అని రెండు రకాలున్నాయి. ఆ ముడత ఎందుకు పడుతుందో 1990లో ఇంగ్లండులో తేల్చారు. చక్కెరను చక్కటి పిండిగా అల్లే ఒక ఎంజైము ఆ గింజలో పాడైపోయింది. చక్కెర చక్కెరగానే మిగిలింది. చక్కెర ఉన్నచోటికి నీళ్ళు చేరాయి. గింజ ఆరినప్పుడు ఆ నీళ్ళు పోయి తోలు ముడుచుకుంది. అంటే మెండెల్ చూసిన ముడత, సరిగా తోడుకోని పాల గుర్తు.

ఇంతవరకూ చక్కెర అంటే తిండే. ఆకు వండుతుంది, గింజ తింటుంది. తిండి చాలకపోతే పొల్లు. మన వ్యవసాయ పుస్తకాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. నాకు మాట మీదున్న ప్రేమ కొద్దీ ఇంకొంచెం ముందుకు పోతాను.

తల్లిమొక్కకూ గింజలోని పిల్లకూ మధ్య గొట్టం నేరుగా ఉండదు. ఆకులో పుట్టిన చక్కెరను మోసుకొచ్చే సన్నటి నాళాలు తల్లి ఒంటి గడప దాకా వచ్చి అక్కడ ఆగిపోతాయి. గింజ పైతొడుగు తల్లిది. లోపలి పిల్ల, దాని తిండిమూట కొత్త తరానివి. మధ్యలో సందు. తల్లి చక్కెరను ఆ సందులోకి వదలాలి, పిల్ల అందుకోవాలి. మానవ గర్భంలో మాయ దగ్గర తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవకుండానే ఇచ్చిపుచ్చుకోవడం జరిగినట్టే ఇక్కడా. ఆ సందులో ఇన్వర్టేజ్ అనే ఎంజైము కాపలా ఉంటుంది. తల్లి పంపిన సుక్రోజ్‌ను, అంటే మన డబ్బాలోని చక్కెరనే, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండు ముక్కలు చేస్తుంది. ఈ చిన్న పని జరగకపోతే ఏమవుతుందో మొక్కజొన్న చూపించింది. గింజ బక్కచిక్కి ఉండే ఒక మొక్కజొన్న రకాన్ని 1946లోనే అమెరికాలో వర్ణించారు. దానికి మినియేచర్ అని పేరు పెట్టారు. మామూలు గింజ బరువులో మూడోవంతు కూడా తూగదు. 1996లో ప్రేమ్ చౌరే బృందం ఆ లోపం ఈ ఇన్వర్టేజ్ జన్యువులోనే ఉందని చూపించింది. వరిలో ఇలాంటిదే మరో జన్యువును 2008లో చైనా శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. గింజ నిండకపోవడం అన్న అర్థం వచ్చేలా దానికి గిఫ్1 అని పేరు పెట్టారు. మనిషి వరిని మచ్చిక చేసుకున్న కాలంలో నిండుగింజ కోసం ఏరుకుంటూ వచ్చిన జన్యువుల్లో అది ఒకటి కావచ్చని వాళ్ళ అభిప్రాయం. చేటలో గాలికి పొల్లు పోగొట్టి గట్టిగింజను విత్తనానికి దాచిన ఆడవాళ్ళ చేతులు ఆ ఏరివేతలో తప్పకుండా ఉండి ఉంటాయని నా నమ్మకం.

ఒక చక్కెరను రెండుగా విరిస్తే తిండి పెరగదు. ఉన్నదే ఉంటుంది. మరి విరవకపోతే గింజ ఎందుకు ఎదగదు? ఇక్కడే చక్కెర తిండిగా ఆగకుండా మాట అవుతుంది.

జర్మనీలో గాటర్స్‌లేబెన్ అనే ఊళ్ళోని పరిశోధన కేంద్రంలో 1990లలో వెబర్, బోరిస్యుక్, వోబుస్ అనేవాళ్ళు బాకలా చిక్కుడు లేతగింజల్లో ఏ మూల ఏ చక్కెర ఎంత ఉందో కొలిచారు. గ్లూకోజ్ ఎక్కువున్న చోట కణాలు విడిపోతూ సంఖ్య పెంచుకుంటున్నాయి. సుక్రోజ్ పెరిగిన చోట విడిపోవడం ఆగి, కణాలు ఉబ్బి, పిండినీ మాంసకృత్తులనూ నింపుకుంటున్నాయి. గ్లూకోజ్ "పెరగండి" అంటోంది. సుక్రోజ్ "ఇక చాలు, నింపుకోండి" అంటోంది. మన అనపకాయ కూడా చిక్కుడు కులానిదే. పితికిపప్పు చేసేటప్పుడు ఒకే సంచిలోని కాయల్లో చిన్న తీపిగింజలు, పెద్ద చప్పగింజలు రెండూ చేతికి తగులుతాయి. ఆ రెంటి మధ్య ఉన్న మలుపు ఇదే.

నాకు ఇక్కడ గుణింతం కనబడుతుంది. క్ అనే పొల్లుకు ఇ తగిలితే కి, ఉ తగిలితే కు. హల్లు అదే, తగిలిన అచ్చును బట్టి పలుకు మారింది. గింజలో కణం అదే, జన్యువులు అవే. తగిలిన చక్కెరను బట్టి పని మారింది. పోలిక పోలికే, దాన్ని ఇంతకంటే సాగదీయను. కానీ అయ్యవారు చెప్పిన ప్రాణానికి, అవ్వ చెప్పిన పాలకు ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని నేను అనుకోలేదు.

తిండి వేరు, మాట వేరు అని తేల్చిన ప్రయోగం ఇంకోటుంది. అమెరికాలో జెన్ షీన్ బృందం 2003లో చేసింది. గ్లూకోజ్‌ను అరిగించే పనికి మొదటి అడుగు వేసే హెక్సోకైనేజ్ అనే ఎంజైమును ఆవాల కులానికి చెందిన ఒక చిన్న మొక్కలో తీసుకున్నారు. దాని అరిగించే శక్తిని తీసేశారు. అది ఇక గ్లూకోజ్‌ను ముట్టుకోగలదు, మింగలేదు. అయినా మొక్కకు గ్లూకోజ్ ఉందన్న సంగతి చేరుతూనే ఉంది. తినలేని నోరు కూడా కబురు చెప్పగలిగింది.

ఇంకా చిత్రమైన కబురుగాడు ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్. పేరు పెద్దది, పరిమాణం చిన్నది. మొక్కలో సుక్రోజ్ ఉన్నదాంట్లో వెయ్యోవంతు పాటి ఉంటుంది. తిండిగా దానికి విలువ లేదు. సుక్రోజ్ పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కణాల్లో కరువు చూసుకునే మాంసకృత్తు ఒకటుంటుంది, ఎస్‌ఎన్‌ఆర్‌కె1 అంటారు. తిండి తక్కువైనప్పుడు అన్ని పనులూ ఆపి పొదుపు చేయమనేది అదే. పెరిగే భాగాల్లో ఈ చిటికెడు ఫాస్ఫేటు వచ్చి, "కరువు లేదు, పని కానివ్వండి" అని దాన్ని ఊరుకోబెడుతుంది. బఠాణీ గింజలో ఈ కబురు అందకపోతే ఆక్సిన్ అనే పెరుగుదల ద్రవ్యం తగినంత తయారవదని, గింజ సరిగా నిండదని 2021లో చూపించారు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ శాస్త్రవేత్తలు దీన్ని పైరుమీద చల్లే మందుగా మార్చాలని గోధుమ మీద ప్రయత్నాలు చేశారు. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

వానకరువు పొల్లు గురించి మాత్రం ఆగి చెప్పాలి. మా సీమ బతుకు అదే కాబట్టి.

మొక్కజొన్న పూత మీద ఉన్నప్పుడు నీళ్ళు అందకపోతే పిందెగింజలు అక్కడికక్కడే చనిపోతాయి. తర్వాత వాన పడినా తిరిగి రావు. ఆకు నోళ్ళు మూసుకుంటాయి, చక్కెర తయారవడం తగ్గుతుంది. అమెరికాలో జాన్ బోయర్ బృందం 1991లో ఎండగట్టిన మొక్కల కాండంలోకి చక్కెర కలిసిన పోషక ద్రావణం ఎక్కించి చూసింది, ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించినట్టే. నీళ్ళకరువు అలాగే ఉన్నా గింజలు నిలబడ్డాయి. 2004లో అదే పనిని ఇంకా లోతుగా చూశారు. నీళ్ళు తగ్గినప్పుడు పిందెగింజలో ఇన్వర్టేజ్ జన్యువులు మూగబోతున్నాయి. దాంతోపాటు కణాన్ని ముసలిదాన్ని చేసి చంపే జన్యువులు గొంతెత్తుతున్నాయి. సుక్రోజ్ ఎక్కించగానే మూగవి పలికాయి, చంపేవి తగ్గాయి. చక్కెర రాలేదన్న కబురే గింజకు చావు ఆజ్ఞ అవుతోంది. కడుపుకు లేక చచ్చిపోవడానికి ముందే, లేదన్న మాట విని గింజ తనను తాను వదిలేసుకుంటోంది. ఇది చదివాక నేను పొల్లును ఎప్పటిలాగా చూడలేకపోయాను.

ఇలా వదిలేయడంలో తల్లిమొక్క లెక్క కూడా ఉంటుంది. వరికంకిని చేతిలోకి తీసుకుని చూడండి. కొనన ఉన్న గింజలు ముందు పూసి, ముందు నిండుతాయి. కంకి మొదలు దగ్గర, సన్నకొమ్మల మీద ఉన్నవి వెనక పూస్తాయి, సగం పొల్లవుతాయి. చక్కెర తక్కువైన ఏడు ముందువాళ్ళకే కబురు అందుతుంది. ఇంటిపెద్ద గంజి పంచినట్టు.

చెనిక్కాయ (వేరుశనగ) సంగతి వేరు, ఇంకా లోతు. మదనపల్లె, వాయల్పాడు, పుంగనూరు చేలల్లో దానిమీదే ఎన్నో ఏళ్ళు ఇళ్ళు నడిచాయి. పువ్వు పైన పూస్తుంది, ఊడ కిందికి దిగి మట్టిలో దూరుతుంది. ఊడ మట్టిలో దూరేదాకా లోపలి పిల్లగింజ పెరుగుదల ఆపుకుని కూర్చుంటుంది. చీకటి తగిలాక మళ్ళీ లేస్తుంది. కాయ మట్టిలో ఉంది కాబట్టి వేరునుంచి పైకిపోయే నీటితో వచ్చే సున్నం దానికి చేరదు. తనకు కావాల్సిన సున్నాన్ని చుట్టూ ఉన్న మట్టిలోంచి తానే పీల్చుకోవాలి. ఆ సున్నం లేకపోతే ఆకు ఎంత చక్కెర వండినా కాయ పొల్లే. అందుకే పూత, ఊడల కాలంలో ఎకరాకు రెండు వందల కిలోల జిప్సం మొక్కల మొదళ్ళ దగ్గర వేయమని చెప్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాన మొహం చాటేస్తే మట్టి గట్టిపడి ఊడ దిగదు, దిగినా సున్నం కరగదు, చక్కెర చాలదు. మూడు పొల్లులు ఒక్కసారి వస్తాయి.

అలాంటి ఏడు చేనుమీద పెరికిన చెట్టును నేను దగ్గరగా చూశాను. చెట్టునిండా కాయలున్నాయి. మట్టి దులిపి ఒక కాయను చెవి దగ్గర ఊపాను, గలగల లేదు. బొటనవేలితో నొక్కితే చప్పుడు లేకుండా లోపలికి పోయింది. విప్పితే లోపలి గోడ తెల్లగా, దూదిలాగా ఉంది. నిండుకాయకు ఆ గోడ గోధుమరంగు తిరిగి నల్లబడాలి. గింజ ఉండాల్సిన చోట ఆవగింజంత ముడత, దానికి ఎర్రటి పొర. బొడ్డు దగ్గర అది ఇంకా కాయను పట్టుకునే ఉంది. ఆ చేను మా చిన్నాయనది. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ చెట్టును గొర్రెలకని పక్కన పెట్టి ఇంకో చెట్టు పెరికాడు.

ఇప్పుడు నా మనవి చెప్తాను. ఈ శాస్త్రం తెలుగులోకి వస్తోంది, రావాలి. వచ్చేటప్పుడు ఏ మాటల్లో వస్తోందో చూడండి. సంకేతీకరణ, నిండుదల శాతం, అపరిపక్వ బీజాలు. సంకేతీకరణ చదివిన రైతుబిడ్డకు ఏమీ పలకదు. కబురు అంటే పలుకుతుంది. అది అరబ్బీ నుంచి వచ్చిందని కొందరు పెదవి విరుస్తారు. మన ఊళ్ళల్లో పెళ్ళికీ చావుకీ పోయేది కబురే కదా. ఆకు పంపిన కబురు గింజకు చేరలేదు అని రాస్తే పదో తరగతి పిల్లకు అర్థమవుతుంది, వాళ్ళ నాయనకూ అర్థమవుతుంది. శాస్త్రానికి కూడా లోటేమీ రాదు.

పొల్లుకూ ఇదే గతి పడుతోంది. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు తేమ పదిహేడు శాతం, ముడుచుకున్న పచ్చిగింజ మూడు శాతం అని హద్దులు రాసి ఉంటాయి. కాగితం మీద తాలు అని ఉంటుంది. తెలంగాణలో, కోస్తాలో తాలు చక్కటి మాటే, నాకు దానిమీద కోపం లేదు. ఆ మూడు శాతం దగ్గర రైతు ఎంత తరుగు కట్టించుకుని ఇంటికి పోతాడో ఎరిగినవాళ్ళకు అది చిన్న మాటా కాదు. కానీ సర్కారు కాగితం ఒకే మాట వాడితే మిగతావి వాడుకలోంచి జారిపోతాయి. కోతయంత్రం వచ్చి పొల్లును చేలోనే వెనక్కి ఊదేస్తోంది. పిల్లలకు అది కనబడను కూడా కనబడదు. ఇక మిగిలేది నకారపొల్లు ఒకటే. అది ఎందుకు పొల్లయిందో చెప్పే కళ్ళం ఉండదు.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళను నేను అడిగేది చిన్నదే. అక్షరాల పాఠంలో పొల్లు చెప్పేటప్పుడు పక్కన ఒక వరిగింజ బొమ్మ వేయండి. జీవశాస్త్రం పాఠంలో గింజ ఎదుగుదల చెప్పేటప్పుడు పొట్ట, ఈనిక, సుంకు, పాలు, తోడు అన్న ఐదు మాటలూ వరసగా రాయండి. చదువుతున్న మీరు ఈ పంటకాలంలో ఊరికి పోతే, చేట పట్టిన చేతులు ఇంకా ఉంటే, గాలికి పోయే ఆ గింజను మీ పక్క ఏమంటారో అడిగి, చెప్పినవాళ్ళ ఊరి పేరుతో సహా రాసి పెట్టండి. మా గుర్రంకొండ పక్క దాన్ని పొల్లు అంటారు.